ముందు వరుస గైరుహాజరు

"ఈ ఏడాది నుంచి మన జిల్లాలో బడికి రాని బిడ్డ అంటూ ఉండదు" అని మంత్రిగారు నిజామాబాద్ సభలో ప్రకటించారు. మొదట చప్పట్లు కొట్టింది నేనే. బోధన్ తాలూకా పార్టీలో నా పని అదే. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు.

మర్నాడు పొద్దున్నే లాజరు, శారమ్మ మా గుమ్మంలో నిలబడ్డారు. లాజరు ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలుతాడు. వాళ్ల కూతురు రూతుకు పుట్టు చెవుడు, మాటా రాలేదు.

"రూతు దినాం బడికి పోతది అన్నా," అంది శారమ్మ. "రిజిస్టర్ల మాత్రం పోతలేదట."

"అదెట్ల?"

"సారు పేరు పిలుస్తడు. దానికి ఇనవడదు. మూడుసార్లు పిలిచి గైరుహాజరు ఏస్తడు. ఈ నెలాఖరుకు పేరు కొట్టేస్తడట. పేరు కొట్టేస్తే ఇగ అది చెరుకు కొట్టుడే."

ఇంత చిన్న సమస్యా అని నవ్వాను. నాయకుడన్నవాడు ముందు నవ్వాలి. వాళ్లను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు ఆత్మారాం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన రూలు తప్పని మనిషి. కొడుకు పెళ్లికి తన సెలవు చీటీ తానే రాసుకుని, తానే ఒకసారి తిరస్కరించారని చెప్పుకుంటారు.

రూతు ముందు వరుసలో, ఆయన కుర్చీకి మూరెడు దూరంలో కూర్చుని పలక మీద ఎక్కాలు రాస్తోంది.

"ఎదురుంగనే ఉన్నది గద సారూ," అన్నాడు లాజరు.

"కనవడుడు వేరు, హాజరు వేరు. పిలిస్తే పలకాలె. లేకుంటే చెవుడని డాక్టరు సర్టిఫికెట్ తేవాలె."

రూతును కూడా తీసుకుని నిజామాబాద్‌లో ఒక ఆస్పత్రికి బయలుదేరాం. అక్కడ నాకు చాలా పలుకుబడి ఉంది. అందుకే ముగ్గురినీ వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యలో ఎవరితోనూ మాట్లాడొద్దని హెచ్చరించి, కాంపౌండరుతో చాయ్ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి లాజరు చేతిలో చీటీ ఉంది. 'రూతు, తండ్రి లాజరు. మూడుసార్లు పిలిచినా పలకలేదు. పేషెంటు రాలేదు.'

శారమ్మ దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది.

"మూడుసార్లు పిలిచినా పలకలేదని డాక్టరే రాసిండు. గిదే సర్టిఫికెట్ గద అన్నా?"

"కాదు. గుండ్రటి ముద్ర లేదు."

"అయితే ఇంక నేనే మాట్లాడ్త," అంది. దారి పొడుగునా నన్ను ఇంకేమీ అడగలేదు. అది గౌరవమనుకున్నాను.

శనివారం మంత్రిగారు మా బడిలో కొత్త గది ప్రారంభానికి వచ్చారు. శారమ్మ స్టేజీ దగ్గరికి పోయి సంగతంతా మొదటి నుంచి చెప్పింది. మంత్రిగారు రెప్ప వేయకుండా తల ఊపుతూ విన్నారు. పేదరాలి మాట అంత శ్రద్ధగా విన్న నాయకుణ్ణి నేనెక్కడా చూడలేదు.

"తప్పకుంట తల్లీ," అన్నారు. "బాయి తవ్విస్తం."

"బాయి కాదు బాపూ, హాజరు."

"మోటరు గూడ ఇస్తం."

నేను చప్పట్లు కొట్టాను. ఆయన దూరదృష్టి అలాంటిది.

తర్వాత ఆత్మారాం గారు మంత్రిగారిని ప్రసంగించమని మైకులో పిలిచారు. మంత్రిగారు చిరునవ్వుతో జనాన్ని చూస్తూ కూర్చున్నారు. మళ్లీ పిలిచారు. మూడోసారీ పిలిచారు. వెనక కుర్చీలోని పీ.ఏ. ముందుకు వంగి భుజం తట్టాడు. మంత్రిగారు లేచి, చేయెత్తి, మైకు దగ్గరికి నడిచారు. పెద్దవాళ్లకు తొందర ఉండదని పక్కవాడికి వివరించాను. శారమ్మ మాత్రం ప్రసంగం అయ్యేదాకా మంత్రిగారిని వదిలి ఆ పీ.ఏ.నే చూస్తూ నిలబడింది.

సోమవారం నెలాఖరు. శారమ్మ రమ్మంటే బడికి వెళ్లాను.

"మీరేం మాట్లాడకుండ్రి అన్నా, ఊకె నిలవడుండ్రి," అంది.

ఆత్మారాం గారు రిజిస్టరు తెరిచారు. "రూతు."

వెనక వరుసలో కూర్చున్న గంగుబాయి అనే పిల్ల ముందుకు వంగి ఆమె భుజం తట్టింది. రూతు లేచి చేయెత్తింది.

"గిదేం పద్ధతి? నోటితోని పలకాలె."

"మొన్న మీరే గద సారూ మైకుల పిలిచిన్రు," అంది శారమ్మ. "మూడుసార్లు పిలిచినా మంత్రిసారు పలకలె. తడితే లేసి చెయ్యెత్తిండు. ఆయినకు గైరుహాజరు ఏసిన్రా?"

కలం ఆగింది. ఆత్మారాం గారు నావైపు చూశారు. పార్టీ మనిషిని కాబట్టి నేను గోడమీది పటంలో గోదావరి ఎటు పారుతోందో పరిశీలిస్తున్నాను. ఆయన రూతు పేరుకెదురుగా 'హా' అని రాశారు.

నెల తిరక్కముందే పార్టీ నా సేవలను గుర్తించింది. పీ.ఏ.కు టైఫాయిడ్ వచ్చి, సభల్లో మంత్రిగారి వెనక కుర్చీ నాకు దక్కింది. పని ఒకటేనన్నారు. మొదటి సభలోనే ఉత్సాహం కొద్దీ భుజం మీద చరిచాను. మంత్రిగారు ఉలిక్కిపడి, దండలతో సహా నా ఒళ్లో పడ్డారు.

మర్నాడు శారమ్మ ఇంటికి వెళ్లి, గంగుబాయికి ఎలా నేర్పిందో వినయంగా అడిగాను.

"గట్టిగ కొట్టొద్దు అన్నా," అంది ఆమె జొన్నలు చెరుగుతూ. "ఒక్క వేలు చాలు. ముందుగాల బెదుర్తరు. తర్వాత నమ్ముతరు."