కరీంనగర్‌లో మైనస్ నలభై

కారు ఏసీ పాడవడాన్ని మించిన అదృష్టం లేదు! అదీ కరీంనగర్‌లో, అదీ మే నెలలో! నమ్మరా? అయితే జలపతిరావు సంగతి వినండి.

జలపతిరావు గ్రానైట్ వ్యాపారి. చుట్టాలందరిలోకీ మొదట కారు కొన్నది ఆయనే. కాబట్టి ఆ పాత కారు మీద ఆయనకు తప్ప అందరికీ హక్కుండేది. ముఖ్యంగా ఆయన భార్య లీలాబాయి తమ్ముడు సంతోష్‌రావుకు. పెళ్లిచూపులకు బావ కారు, ఆసుపత్రికి బావ కారు, ఆఖరికి మామిడికాయలు తేవడానికీ బావ కారే! డ్రైవరెవరంటారా? ఇంకెవరు, బావే!

ఒక మధ్యాహ్నం ఆ కారుకు జ్ఞానోదయమైంది. రోడ్డు మీద తారు కరుగుతుంటే, బయటి ఉష్ణోగ్రత చూపించే చిన్న తెర మీద ‘మైనస్ నలభై’ అని పడింది. పక్కనే మంచు బొమ్మ! చక్రాలు జారతాయి జాగ్రత్త అని కుయ్ కుయ్‌మంటూ హెచ్చరిక! ఇంత చలిలో ఏసీ దేనికని కారే నిర్ణయించుకుని చల్లగాలి ఆపేసింది. మన ఆరోగ్యం గురించి ఇంట్లోవాళ్లైనా ఇంతగా పట్టించుకుంటారా?

ఆ సమయానికి కారులో సంతోష్‌రావు, ఆయన భార్య వందన పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నారు. ఇచ్చోడలో పెళ్లికి ప్రయాణం. ఊరు దాటకముందే వందన ముఖానికున్న పౌడరు మెడ దాకా కారింది.

“బావా, గిది కారా, ఇటుకబట్టీయా? జర ఆపు, మేం బస్సుల పోతం” అన్నాడు సంతోష్‌రావు.

ఆపాడు. దిగారు. పోయారు.

మెకానిక్ రహీమ్ కారు కింద పడుకుని చూసి లేచాడు. “బంపర్ ఎనక సెన్సార్ ఖరాబైంది, రావు సాబ్. బయట మంచు పడుతుందని బండి పరేషానైతుంది. కొత్తది ఏస్త.”

“ఉండనీ రహీమ్ భాయ్. చలి దానికి పెడితే మనకేం ఫికర్?” అన్నాడు జలపతిరావు.

అక్కడి నుంచి ఆయనకు స్వర్ణయుగం మొదలైంది. స్టేషన్‌లో దింపమనే ఎదురింటాయన ఆటో ఎక్కడం నేర్చుకున్నాడు. దూరపు చుట్టం ఒకాయనకు జబ్బు చేసిందని తెలిసింది, నయమైందనీ తెలిసింది, మధ్యలో ఈయన స్టీరింగ్ పట్టకుండానే! ఆదివారం మధ్యాహ్నం నిద్ర అనేదొకటుంటుందని ఆయనకు తొలిసారి తెలిసింది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?

అలా హాయిగా నిద్రపోతున్న ఒక ఆదివారం లీలాబాయి ఆయన్ని తట్టి లేపి, ఫోన్ చూపించింది. ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు. సంతోష్‌రావు కూతురు దీక్షిత పుట్టినరోజు. కేక్ చుట్టూ చుట్టాలందరూ ఉన్నారు.

“మర్చిపోయిండ్రేమో” అన్నాడాయన.

“దీక్షితను చిన్నప్పుడు సాదింది నేను. నన్ను మర్చిపోతరా?” అంది లీలాబాయి. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. “కారు వద్దనుకున్నరు, సరే. మనల్ని గూడ వద్దనుకున్నరా?”

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

తెల్లారగానే జలపతిరావు రహీమ్ షెడ్డు ముందున్నాడు. కొత్త సెన్సార్ తెప్పించి, మధ్యాహ్నానికి రహీమ్ బంపర్ విప్పి, పాతది పీకి, వేలెడంత కొత్తది పెట్టాడు. కారు స్టార్ట్ చేస్తే మళ్లీ మైనస్ నలభయ్యే!

“జర దూరం తిప్పుండ్రి, సాబ్. దాని భ్రమ ఒక్కసారే పోదు.”

మానేరు డ్యామ్ దాకా వెళ్లేసరికి తెర మీద నలభై మూడు కనిపించింది. చల్లగాలి ముఖానికి తగిలింది. ఇన్నాళ్లూ చుట్టాలు ఈ గాలి కోసమే వచ్చేవారని ఆయనకు తెలియదా? తెలుసు. రానీ అనుకున్నాడు. దేనికోసమైతేనేం, రానీ!

ఇంటికొచ్చి, లీలాబాయికి కూడా వినబడాలని స్పీకర్ పెట్టి, సంతోష్‌రావుకు ఫోన్ చేశాడు.

“సంతోష్, ఏసీ మంచిగైంది. ఎటన్న పోయేదుంటే చెప్పు, నేనే తీస్కపోత. మీ అక్క గూడ వస్తది.”

“అయ్యో బావా! మేం కొత్త కారు తీస్కున్నం గదా. దిష్టి తగుల్తదని గ్రూపుల పెట్టలే.”

లీలాబాయి ఫోన్ మీదికి వంగింది.

“మంచిదాయె తమ్మీ! అయితే ఆదివారం వచ్చి మమ్ముల జర ఎక్కించుకపో. పిల్లను సూసినట్టుంటది.”

అటునుంచి చాలాసేపు దగ్గు వినిపించింది.

“కొత్తదే గానీ అక్కా... ఎందుకో ఏసీ పనిచేస్తలే.”