కంటాసుపత్రి ఎదుటి పానీపూరి బండి

ఆ ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా అత్తగారు పథకం సిద్ధం చేసేసింది. "అమ్మాయ్, కళ్లు మసకేస్తున్నాయే. ఓసారి కంటాసుపత్రికి తీసుకెళ్దూ" అంది కోడలితో. మసకట, మసక! ఆవిడ కళ్లు భేషుగ్గా ఉన్నాయి. ఆవిడకు కావలసింది ఆసుపత్రి కాదు, దాని గేటు ఎదుట నిలబడే పానీపూరి బండి.

మామగారు ఉన్నన్నాళ్లూ శనివారం సాయంత్రమైతే చాలు, ఇద్దరూ అక్కడ దొన్నెలు పట్టుకుని నిలబడి, ఒక్కో పూరీ అందుకుని గుటుక్కుమనిపించేవాళ్లు. ఆయన పోయాక ఆవిడను అటు తీసుకెళ్లేవాళ్లే లేకపోయారు. కొడుకేమో తాగునీళ్లు పరీక్షించే లాబొరేటరీలో పనిచేస్తాడు. పానీపూరి మాటెత్తితే చాలు, "ఆ నీళ్లలో ఏమేం ఈదుతుంటాయో తెలుసా అమ్మా?" అని మొదలుపెడతాడు. తల్లి బెంగ చూడలేక ఓసారి కాచి, వడగట్టి, చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే చేయించాడు పాపం. దానికంటే కషాయం నయం.

కోడలిని మందుల షాపుకు తోలి, ఆ సందులో రోడ్డు దాటేయాలని అత్తగారి ఎత్తు. తీరా వెళ్లాక కోడలు చెయ్యి వదిలితేనా! "ఎక్కడైనా తూలి పడతారు అత్తయ్యా" అంటూ పక్కనే కూర్చుంది. సరే, మళ్లీ రమ్మంటే మళ్లీ రావచ్చు కదా అని, డాక్టరు చూపించిన అక్షరాలన్నీ ఆవిడ తప్పు చదివింది. అన్నిటికంటే పెద్ద అక్షరాన్ని కూడా వదల్లేదు. డాక్టరు ముఖం గంభీరమైపోయింది.

"ఇది మామూలు మసక కాదమ్మా. స్కానింగ్ తీయాలి. మీవారిని కూడా రమ్మనండి" అన్నాడు కోడలితో.

అంతే, ఇల్లు గోలెత్తిపోయింది. కొడుకు సెలవు పెట్టాడు. కూతురు ఫోన్లో శోకాలు మొదలుపెట్టింది. అత్తగారి ఆడపడుచు రెక్కలు కట్టుకుని వాలి, "వదినా, నేనెవరో చెప్పు చూద్దాం" అంటూ ముఖంలో ముఖం పెట్టింది.

"కనపడకపోతే మాత్రం నీ గొంతు వినపడదూ?" అని విసుక్కుంది అత్తగారు.

ఇదివరకు వీధి గుమ్మం దాకానైనా ఒంటరిగా వెళ్లేది. ఇప్పుడు పెరట్లోకి వెళ్లాలన్నా ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటున్నారు. నిజం చెప్పేద్దామంటే నోరు రాలేదు. ఇంతమందిని హడలగొట్టింది చిరుతిండి కోసమని ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? రాత్రీ పగలూ ఆ బండే కళ్లలో మెదులుతోంది.

స్కానింగ్ రోజున కొడుకు, కోడలు, ఆడపడుచు కలిసి ఆవిడను ఆసుపత్రి మేడమీద కిటికీ పక్కన కూర్చోబెట్టారు. కళ్లలో చుక్కలేసే నర్సు మందు తేవడానికి వెళ్లింది. కింద నుంచి పుదీనా వాసన వచ్చింది. ఆవిడ ఉండబట్టలేక తొంగిచూసింది. బండివాడు ఓ అట్టముక్క మీద ఏదో రాసి వేలాడదీస్తున్నాడు.

"అయ్యయ్యో! రేపటినుంచి బండి ఉండదట! వేరే ఊరు వెళ్లిపోతున్నాడటర్రా!" అని అరిచేసింది.

అందరూ కిటికీ దగ్గరకు పరిగెత్తారు. కొడుకు కళ్లు చిట్లించి చూస్తే అతనికి అట్ట కనిపించింది కానీ అక్షరాలు కనిపించలేదు.

"అమ్మా, అంత సన్నక్షరాలు నువ్వెలా చదివావు?"

ఇంకా దాచడానికేముంది? "నా కళ్లకేం కాలేదురా. ఒక్కసారి అక్కడ నిలబడి తినాలనిపించింది. అక్కడైతే మీ నాన్న పక్కనే ఉన్నట్టుంటుంది. ఆయన మీద బెంగగా ఉందిరా నాకు" అని ఆవిడ బావురుమంది.

ఆడపడుచు ఏదో అనబోతే కోడలు చెయ్యి గిల్లింది. కొడుకు తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, రోడ్డు దాటించాడు.

బండివాడు ఆవిడను చూడగానే "చాన్నాళ్లయిందేంటమ్మా! అయ్యగారు రాలేదా?" అన్నాడు. ఆవిడ కొడుకు వైపు చూసింది.

"ఆయన బదులు నేనొచ్చాను. నాకూ ఓ దొన్నె ఇవ్వు" అన్నాడు కొడుకు. మొదటి పూరీకే అతని కళ్లు ధారకట్టాయి.

"కారమా నాన్నా?"

"ఆఁ, కారమే" అంటూ అతను దొన్నె మళ్లీ చాచాడు.

పైన మేడమీద నర్సు చుక్కలమందు పట్టుకుని పేషెంటు కోసం బాత్రూములన్నీ వెతుకుతోంది.