ఉడుత వాటా, చిలక అంకె

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ వానాకాలపు తిండిని ఒకే గుహలో, దేని మూలలో అది దాచుకునేవి. వాకిట్లో ఎలుగుబంటి కాపలా. వచ్చినవాళ్ళని వాసన చూసి లోపలికి పంపేది. అంతే.

"ఇది మరీ మోటుగా ఉంది," అంది గుహ కార్యదర్శి నక్క, పొరుగడవి చూసొచ్చి. "అక్కడ రహస్యమాట చెప్పందే ఈగని కూడా పోనివ్వరు."

సింహం ఆవలించి, "మనకీ పెట్టు," అంది.

ఎవరి మాట వాళ్ళే పెట్టుకోవాలని, ఆ మాటలో ఒక పండు పేరు, ఒక పిట్ట కూత, ఒక గుర్రు ఉండాలని నక్క నియమం పెట్టింది.

కాయ ఎక్కడ దాచిందో మరిచిపోవడం ఉడుత జాతికున్న జబ్బు. అందుకని ఉడుత తన మాటని దారిపొడవునా పైకే అనుకుంటూ పోయేది. "రేగుపండు, కుహూ, గుర్ర్." కొమ్మ మీది కోతికి కూడా అది కంఠతా వచ్చేసింది.

మాటలు బయటికి పొక్కుతున్నాయని నక్క రెండో కట్టడి తెచ్చింది. గుహ దగ్గర మాట చెప్పగానే చిలక వాళ్ళ ఇంటికి ఒక అంకె తీసుకెళుతుంది. ఎలుగు ఒక తేనెపట్టు నాకేలోగా వచ్చి ఆ అంకె చెప్పాలి.

"నేను గుహ దగ్గరుంటే చిలక మా ఇంటికెందుకండీ?" అంది ఉడుత.

"భద్రత," అంది నక్క.

ముసురు పట్టింది. తొర్రలో ఉడుత పిల్లలు ముందురోజు నుంచి పస్తు. ఉడుత గుహకి వెళ్ళి మాట చెప్పింది. చిలక రివ్వున తొర్ర దగ్గరికి ఎగిరి అడవంతా వినేట్టు అరిచింది.

"ఉడుతమ్మా, నీ అంకె డెబ్బై మూడు. ఎవరికీ చెప్పకు."

ఉడుత తడుస్తూ ఇంటికి పరుగెత్తి, పిల్లలనడిగి అంకె తెలుసుకుని, మళ్ళీ తడుస్తూ గుహకి వచ్చింది. అప్పటికే కోతి ఒడినిండా ఉడుత కాయలతో బయటికి వస్తోంది.

"ఎలుగన్నా, అది కోతి కదా?"

"కోతేనమ్మా. వాసన గుప్పుమంది. కానీ మాట సరిపోయింది, అంకె సరిపోయింది. నేనేం చెయ్యను?"

"మరి నేను ఉడుతనని తెలుసుగా?"

"తెలుసు. తెలియడం ఇప్పుడు చెల్లదు. నీ అంకె వాడేశారు."

కోతి ఒక కాయ కొరుకుతూ, "ఎవరికీ చెప్పొద్దని చిలక అంత గట్టిగా చెప్పింది కదమ్మా," అంది.

ఎలుగు అటూ ఇటూ చూసి, తన వాటాలోంచి గుప్పెడు ఇప్పపూలు తెచ్చి ఉడుత ముందు పోసింది. "పిల్లలకి పెట్టు. నక్కతో అనకు."

మర్నాడు సింహం ఆకలి మీద వచ్చింది.

"మాట, ప్రభూ?" అంది ఎలుగు.

సింహానికి గుర్తు రాలేదు. కోపంతో గర్జించింది.

"గుర్రు సరిపోయింది ప్రభూ. పండూ పిట్టా ఇంకా ఉన్నాయి."

సింహం నక్కని పిలిపించింది. "నేనెవరో వీడికి తెలియదా? వాసన చూసి పంపలేడా?"

"నేను కొత్తగా కనిపెట్టింది అదే ప్రభూ," అంది నక్క, తడుముకోకుండా.

సాయంత్రానికల్లా సభ పెట్టారు. "ఇక మాట లేదు, అంకె లేదు. మీ వాసనే మీ తాళం," అని నక్క ప్రకటించింది. సింహం దాని మెడలో దండ వేసింది. చిలక అందరికంటే గట్టిగా మెచ్చుకుంది.

ఉడుత గుహకి వెళ్ళింది. ఎలుగు వాసన చూసి తలుపు తీసింది. లోపల ఉడుత మూలలో తొక్కలున్నాయి.

"నక్కగారూ, నా కాయలు?" అని వాకిట్లో నిలబడ్డ నక్కని అడిగింది.

"నీ మాట, నీ అంకె చెప్పి తీసుకున్నారు. అంటే తీసుకున్నది నువ్వే."

"నేను తినలేదే."

"అది పొట్ట సంగతి. నేను చూసేది తలుపు సంగతి," అంది నక్క, దండ సర్దుకుంటూ.

అప్పటినుంచి ఉడుత కాయల్ని మట్టిలో పాతుకుంటోంది. ఎక్కడ పాతిందో సగం మరిచిపోతోంది. మిగతా సగమైనా పిల్లలు తింటున్నారు.

నీతి: కాపలా గట్టిగా ఉందని నమ్మించాలంటే ఇంటివాళ్ళు వాకిట్లో తడుస్తూ కనిపించాలి.