తప్పిపోయిన ఏడుగురు హింకెల్‌రోత్‌లు

సోమవారం పొద్దున స్వెన్యా మ్యుల్లర్ పెట్టుకున్న పని ఒక్కటే. మామగారి చేతిలో డెబ్బయ్యైదో పుట్టినరోజు కానుక పెట్టాలి, ఆయన మొహం కాస్త విచ్చుకోగానే అడగాల్సింది అడిగేయాలి. అడగాల్సింది ఎంతో లేదు. "మామయ్యగారూ, వచ్చే నెల నుంచి మంగళవారం, గురువారం పొద్దుటిపూట పాపని చూసుకుంటారా?" అంతే. బేకరీవాళ్లు ఒకటో తేదీకల్లా తిరిగి వచ్చి చేరమన్నారు, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. క్రెష్‌లో చోటు ఆగస్టుకి గానీ రాదు. ఆ ఒక్క మాటనీ స్వెన్యా వారం రోజులుగా పాప స్నానం తొట్టికీ, పొయ్యి మీది బంగాళదుంపలకీ అప్పజెప్పుకుంటూనే ఉంది.

భయానికి కారణం లేకపోలేదు. ఎకార్ట్ హింకెల్‌రోత్ గారు కోడలితో సరిగ్గా మాట్లాడి రెండేళ్లయింది. పెళ్లినాడు రిజిస్ట్రారు, "ఇద్దరికీ కలిపి ఏ ఇంటిపేరు పెట్టుకుంటారు?" అని అడిగితే ఆ పిల్ల, "నాది నాకే ఉండనివ్వండి" అంది. పదో తరగతితో చదువు ఆపేసి బేకరీలో చేరిన మనిషి. తనదంటూ ఉన్నది ఆ పేరొక్కటే అనిపించిందేమో. తరవాత పాప తిల్దాకి తండ్రి ఇంటిపేరే పెట్టారు గానీ, ఆయన మెత్తబడలేదు.

"మ్యుల్లర్!" అనేవాడు, ఆ మాటలో రాయి తగిలినట్టు. "డాక్టరు దగ్గర 'మ్యుల్లర్ గారూ' అంటే నలుగురు లేస్తారు. 'హింకెల్‌రోత్' అంటే నేనొక్కణ్నే లేస్తాను. పేరంటే అదీ!"

"నువ్వు లేచేది నాలుగోసారి పిలిచాక కదరా" అనేది ఆయన అక్క గెర్లిండె. "నీ చెవులకి మొదటి మూడూ ఆనవు."

గెర్లిండెకి డెబ్బయ్యెనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు, పై అంతస్తులో ఉంటుంది, తమ్ముడి మాట కొట్టిపారేయనిదే ఆవిడకి కాఫీ దిగదు. ఇంటిపేరు విషయంలోనూ అంతే. వాళ్ల కొండప్రాంతం యాసలో హింకెల్ అంటే కోడి. రోత్ అంటే ఎరుపని తమ్ముడు, అడవి కొట్టిన చోటని అక్క. ఎర్ర కోడిపుంజుని డాలు మీద వేసుకుని యుద్ధాలకెళ్లిన వీరుడి వంశం తమదని ఎకార్ట్ గారి నమ్మకం. "వీరుడూ లేడు, డాలూ లేదు. అడవి కొట్టిన చోట కోళ్లు పెంచుకున్నవాళ్లం" అని అక్కగారి తీర్పు. దీని మీద నలభై ఏళ్లుగా ఆదివారం భోజనాలు చల్లారిపోతున్నాయి.

స్వెన్యా తెచ్చిన కానుక అద్దం బిగించిన పటం. ఇంటిపేరు చెబితే అది దేశంలో ఎక్కడెక్కడ ఉందో అచ్చువేసి పంపేవాళ్ల దగ్గర తెప్పించింది. జర్మనీ మొత్తం తెల్లగా ఉంది, మధ్యలో వాళ్ల జిల్లా మీద ఒకే ఒక్క ఎర్ర చుక్క. కింద రాసి ఉంది: "హింకెల్‌రోత్. అత్యంత అరుదైన పేరు. టెలిఫోన్ డైరెక్టరీలో నాలుగు చోట్ల. మొత్తం సుమారు పదకొండు మంది."

ఎకార్ట్ గారు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. వేళ్లు ముడిచాడు.

"నేను. అక్క. మా అబ్బాయి హెన్నింగ్. పాప. నాలుగు." తలెత్తాడు. "పదకొండులో నాలుగు పోతే ఎంతమ్మాయ్?"

"ఏడు మామయ్యగారూ. నేనొక మాట అడుగుదామని..."

"ఏడుగురు!" ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "మనవాళ్లు ఏడుగురు ఈ జిల్లాలోనే తిరుగుతున్నారు! డెబ్బయ్యైదేళ్లు వచ్చాయి, ఒక్కడు చెప్పలేదు నాకు!"

"ఎందుకు చెబుతార్రా?" అంది గెర్లిండె. "నిన్ను చూసే దాక్కునుంటారు."

ఆయన ఆ మాట వినలేదు. రెండేళ్లలో మొదటిసారి కోడలి భుజం తట్టి, "నువ్వు మంచి పని చేశావమ్మాయ్" అన్నాడు. స్వెన్యాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అడగాల్సిన మాట ఆ నీళ్లలోనే కొట్టుకుపోయింది.

ఆ ఊళ్లో ముగ్గురు మనుషులు ఒక విషయం మీద ఏకీభవిస్తే నాలుగో రోజుకి సంఘం పెడతారు. కుందేళ్ల సంఘం ఉంది, పాత ట్రాక్టర్ల సంఘం ఉంది, ఆ రెండు సంఘాల మధ్య తగవులు తీర్చే సంఘం కూడా ఉంది. సంఘాన్ని కోర్టులో నమోదు చెయ్యాలంటే ఏడుగురు సభ్యులుండాలని చట్టం. జీవితమంతా ఇళ్లకి హీటర్లు బిగించిన ఎకార్ట్ గారికి నలుగురితో సంఘం పెట్టే యోగం ఎన్నడూ లేకపోయింది. ఇప్పుడు ఏకంగా పదకొండు మంది.

బుధవారానికి నిబంధనలు రాసేశాడు. మూడో నిబంధన కింద గీత గీశాడు: "హింకెల్‌రోత్ అనే పేరు మోస్తున్నవారు మాత్రమే సభ్యులు." గురువారం జిల్లా పత్రికలో ప్రకటన వేయించాడు: "హింకెల్‌రోత్ వంశస్థులందరికీ ఆహ్వానం. ఈ నెల ఆఖరి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి పచ్చచెట్టు సత్రంలో సంఘ స్థాపన. కాఫీ, కేకు ఉచితం." శుక్రవారం ఒక మంచమంత గుడ్డ మీద కత్తి పట్టుకున్న ఎర్ర కోడిపుంజు బొమ్మ వేయడం మొదలుపెట్టాడు.

స్వెన్యా అడగబోయిన ప్రతిసారీ ఆయన ఆమె చేతిలో ఏదో ఒక పని పెట్టాడు.

"మామయ్యగారూ, మంగళవారం..."

"మంగళవారం కార్డులు రాయాలమ్మా. నీ రాత గుండ్రంగా ఉంటుంది. నలుగురి పేర్లూ రాసి, మిగతా ఏడింటి మీద 'ఇంకా పరిచయం కాని హింకెల్‌రోత్' అని రాయి."

"గురువారం..."

"గురువారం ట్రౌడెల్ దగ్గరికెళ్లి ప్లం పళ్ల కేకు రెండు పళ్లేలు చెప్పిరా."

ట్రౌడెల్ పచ్చచెట్టు సత్రం యజమానురాలు. "మీ మామగారు నిన్న వచ్చి నా గోడలు కొలిచి వెళ్లాడమ్మా, కోడిపుంజు ఎక్కడ వేలాడదీయాలా అని" అంది. "ఊరంతా పందెం కాస్తోంది. ఆ ఏడుగురూ వస్తే బీరు నాది. రాకపోతే మీ మామగారు సిగ్గుతో ఏడాదిపాటు ఈ గడప తొక్కలేడు."

స్వెన్యా భయస్థురాలు. పాప పౌడరు డబ్బా మీది అక్షరాలు కూడా చివరిదాకా చదువుతుంది. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో వేలు పెట్టి చూస్తుంది, ఆ వేలికి పాప లేచి కూర్చుంటుంది. అలాంటి మనిషి పటం అడుగున చీమ తలకాయలంత అక్షరాలు చూసి ఊరుకుంటుందా? మీటింగు ముందు శనివారం పొద్దున పటాన్ని కిటికీ దగ్గర పెట్టి చదివింది. "ఈ లెక్క 1998 నాటి టెలిఫోన్ డైరెక్టరీల ఆధారంగా వేసినది. డైరెక్టరీలో ఒక్కో పేరుకి ఇంటిల్లిపాదీ కలిపి సగటున 2.8 మంది."

ఆ ఏటి డైరెక్టరీ ఎక్కడుందో ఆమెకి తెలుసు. కింది గదిలో బట్టలుతుకుతున్న మిషను పొట్టికాలి కింద ఉంది. లాగింది. హ అక్షరం తీసింది. హింకెల్‌రోత్‌లు నిజంగానే నలుగురు, ఒకరి కింద ఒకరు:

హింకెల్‌రోత్ ఎకార్ట్, ఇల్లు.
హింకెల్‌రోత్ ఎకార్ట్, హీటర్ల పని.
హింకెల్‌రోత్ ఎకార్ట్, ఫ్యాక్స్.
హింకెల్‌రోత్ రోస్‌విత.

రోస్‌విత అంటే చనిపోయిన అత్తగారు. స్వెన్యా అక్కడే నేల మీద కూలబడింది. తప్పిపోయిన ఏడుగురూ మామగారే. ఏడుగురిలో దాదాపు ముగ్గురు ఫ్యాక్స్ మిషను.

ఈలోగా ఆధారం పోయిన బట్టల మిషను గిరగిరా తిరుగుతూ, ఊగుతూ, గది మధ్యకొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. మెట్లు దిగి వచ్చిన మామగారు తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"నడిచొచ్చింది మామయ్యగారూ" అంది స్వెన్యా, డైరెక్టరీని మురికిబట్టల బుట్టలోకి తోస్తూ.

సాయంత్రం కాకముందే భర్తకి చెప్పింది. హెన్నింగ్ మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎవరితోనూ ఏ చెడ్డ సంగతీ చెప్పలేడు.

"నాన్నకి చెప్పాలి" అన్నాడు.

"చెప్పండి మరి."

"పటం ఇచ్చింది నువ్వు కదా" అన్నాడతను, చాలా మంచిగా.

ఎవరూ చెప్పలేదు. ఆదివారం స్వెన్యా పాప సంచిలో రెండు సీసాలు, ఆరు డైపర్లు, ఒక టెలిఫోన్ డైరెక్టరీ సర్దుకుని పచ్చచెట్టు సత్రానికి నడిచింది.

హాల్లో పొడవాటి బల్ల, పదకొండు కుర్చీలు, పదకొండు కార్డులు. గోడ మీద కోడిపుంజు ఒక కన్నుతో కత్తినీ, ఒక కన్నుతో ప్లం కేకునీ చూస్తోంది. ఎకార్ట్ గారు పెళ్లినాటి కోటు వేసుకొచ్చాడు. కార్డు లేని స్వెన్యా పాపని ఎత్తుకుని గోడవారన నిలబడింది. మూడయింది. మూడుంపావయింది. జర్మనీలో మూడుంపావు అంటే ఇక రారని అర్థం. పక్కగదిలో పందెం కాసినవాళ్లు తలుపు తెరిచి చూసి మూసేస్తున్నారు.

"వస్తారు" అన్నాడు ఎకార్ట్ గారు, ఖాళీ కార్డు ఒకటి సరిగ్గా సర్దుతూ. "దారి తెలియక..."

గెర్లిండె కూడా ఏమీ అనలేదు. స్వెన్యాకి అన్నిటికన్నా భయం వేసింది అందుకే.

ఇక ఆగలేక ముందుకొచ్చి డైరెక్టరీని కేకు పక్కన పెట్టింది. "మామయ్యగారూ, తప్పు నాది. చూడకుండా ఇచ్చాను. డైరెక్టరీలో నాలుగు పేర్లున్నాయి గానీ నాలుగూ మనింటివే. ఇల్లు, పని, ఫ్యాక్స్, అత్తయ్యగారు. ఒక్కోదానికి ముగ్గురికి కాస్త తక్కువ చొప్పున లెక్కేశారు. వేరే ఎవరూ లేరు."

ఆయన నాలుగు పేర్లూ వేలితో తడిమాడు. నాలుగోదాని మీద వేలు ఆగిపోయింది.

"ఆ లైను తనే పెట్టించుకుంది" అన్నాడు నెమ్మదిగా. "నేను పొద్దస్తమానం ఫోన్లో హీటర్ల గురించి మాట్లాడుతున్నానని. 'నాక్కూడా నాదంటూ ఒక నంబరుండాలి' అంది. మూడు నెలలు మాట్లాడలేదు నేను." ఆయన కోడలి వైపు చూశాడు, మొదటిసారి సరిగ్గా చూస్తున్నట్టు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

చేతికర్రతో ఒక ముసలావిడ, వెనక ఎనిమిది మంది. "కేకు ఉందా, అయిపోయిందా?" అంది ఆవిడ. "కొండవతలి నుంచి మేమంతా ఒకటే బస్సులో రావాలి. ఆదివారం ఆ బస్సు దాని ఇష్టం. నా పేరు ఎర్నా ష్యేఫర్."

"ఇది హింకెల్‌రోత్‌ల సమావేశమండీ" అన్నాడు ఎకార్ట్ గారు.

"తెలుసులేవయ్యా. పుట్టింటి పేరు హింకెల్‌రోత్. మీ నాన్నా మా నాన్నా పెదనాన్న, చిన్నాన్న పిల్లలు. ఇది నా చెల్లెలు, వీళ్లు దాని పిల్లలు, వాళ్లు నా పిల్లలు. ఒకరు ష్మిట్, ఒకరు వీతిగ్, ఇద్దరు మ్యుల్లర్."

ఎకార్ట్ గారు నిబంధనల కాగితం తీశాడు. "మూడో నిబంధన ప్రకారం, పేరు మోస్తున్నవారు మాత్రమే..."

"నేను ఇరవైనాలుగేళ్లు మోశాను! నువ్వు అప్పటికి నిక్కరేసుకుని బడికెళ్లే పిల్లాడివి. మేం ఆడపిల్లలం పెళ్లిళ్లయి పోతూ ఉంటే, పేరు తరిగిపోతోందని మీ మగాళ్లు గోడకి పటాలు తగిలిస్తారా?"

"అలా పెట్టక్కా గడ్డి!" అంది గెర్లిండె, ఇందాకటి మౌనం ఒక్కసారిగా తీరినట్టు.

ఎర్నా సంచిలోంచి చర్చి రిజిస్టరు నకలు తీసింది. మొట్టమొదటి హింకెల్‌రోత్ గురించి అందులో ఉంది. అడవి కొట్టిన మిట్ట మీద ఉండేవాడు, ఏటా జమీందారుకి శిస్తు కింద ఎనిమిది కోళ్లు ఇవ్వాలి, వరసగా మూడేళ్లు ఆరే ఇచ్చి నక్క ఎత్తుకుపోయిందన్నాడు. ఎకార్ట్ గారు తలెత్తి గోడ మీది కోడిపుంజుని చూశాడు. కాసేపటికి కుర్చీ ఎక్కి, జేబులోంచి పెన్సిలు తీసి, ఆ కత్తిని నక్క తోకగా దిద్దాడు.

మూడో నిబంధన చేతులెత్తి మార్చారు. పేరు మోస్తున్నవారు, మోసినవారు, వారి పిల్లలు, వారిని చేసుకున్నవారు అందరూ సభ్యులే. తరవాతి అంశం అధ్యక్షపదవి. అది రాగానే, ఏ సంఘంలోనైనా జరిగేదే, ప్రతివాళ్లూ బల్ల మీది కేకు తునకల్ని శ్రద్ధగా లెక్కపెట్టసాగారు. సరిగ్గా ఆ నిమిషానే తిల్దా డైపరు తడిపింది. స్వెన్యా పాపని ఎత్తుకుని బయటికి నడిచింది. ఆ ఊళ్లో పుట్టి కూడా, ఎన్నికల వేళ గదిలోంచి బయటికి వెళ్లకూడదన్న సంగతి కంగారులో మరిచిపోయింది.

తిరిగొచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"ఏమైంది?"

"ఏకగ్రీవం" అంది ట్రౌడెల్, బీరు పోస్తూ. "హింకెల్‌రోత్ వంశ సంఘానికి అధ్యక్షురాలు స్వెన్యా మ్యుల్లర్."

"నేనా? మామయ్యగారూ, మీరైనా చెప్పండి!"

"నేనే ప్రతిపాదించాను" అన్నాడాయన. "అచ్చులో చిన్న అక్షరాలు చదివే మనిషి ఈ ఇంట్లో ఒక్కరే. నీ పేరు నువ్వే ఉంచుకో. కోర్టువాళ్లు పిలిస్తే నలుగురు లేస్తారు, బలంగా ఉంటుంది." గొంతు సవరించుకున్నాడు. "ఇక ఆఖరి అంశం, ఇతరములు. అధ్యక్షురాలు ఏమైనా అడగాలా?"

స్వెన్యా వారం రోజులు బంగాళదుంపలకి అప్పజెప్పిన ఆ మాటని పన్నెండు మంది ఎదుట గబగబా అనేసింది. హెన్నింగ్ పుస్తకంలో రాసుకున్నాడు. మంగళ, గురువారాలు పొద్దున పాపని ఎకార్ట్ హింకెల్‌రోత్ చూసుకోవాలని తీర్మానం. అనుకూలం పన్నెండు, వ్యతిరేకం సున్నా.

విషయం తనకు సంబంధించినది కాబట్టి, ఎకార్ట్ గారు నిబంధనల ప్రకారం తటస్థంగా ఉండిపోయాడు.