మదాం ముల్యే కుట్టిన బిగుతు గౌను

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా నోళ్ళే ఎక్కువున్న అడవిలో, చెంగలి అని ఒక లేడి ఉండేది. తెలివైనదే పాపం. ఆ తెలివే లేకపోతే ఇంకో నాలుగేళ్ళు బతికేది.

ఆ అడవిని ఏలేది సింగారమ్మ అనే ఆడసింహం. ఆవిడగారికి ఆకలేసినప్పుడల్లా లేళ్ళ మందలో ఒక తల తగ్గేది. చెంగలికి అప్పుడే కూన పుట్టింది. దానికింకా కాళ్ళు నిలవడమే లేదు. ఈసారి రాణి పరుగందుకుంటే పోయేది తన బిడ్డేనని చెంగలికి బెంగ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే యానాం నుంచి ఒక ఏదుపంది దిగింది. అసలు పేరు ముళ్ళమ్మ. అక్కడెవరో ఫ్రెంచి దొరసాని బట్టల పెట్టె కింద కాపురముండి వచ్చింది కనుక, ఇప్పుడు మదాం ముల్యే. ఒళ్ళంతా సూదులే కాబట్టి దర్జీపని తనకు పుట్టుకతోనే వచ్చిందంటుంది.

చెంగలి వెళ్ళి కాళ్ళమీద పడింది. "అమ్మా, మా రాణిగారు పరిగెత్తకుండా ఏదైనా బట్ట కుట్టగలవా?"

"ఓస్, ఇంతేనా! ఫ్రాన్సులో ఆడవాళ్ళ బట్టల చరిత్రంతా అదేనే పిచ్చిదానా," అంది మదాం. "ముందు నడుము బిగించి ఊపిరాడకుండా చేశారు. తర్వాత ఒక మహానుభావుడొచ్చి, అయ్యో పాపమని నడుము వదిలేసి కాళ్ళు కట్టేశాడు. అడుగు తీసి అడుగు వేయలేకపోయినా ఆయన గుమ్మం ముందు ఒకటే తోపులాట! ఆ తర్వాత ఏమైందంటే..."

"తర్వాతది నాకెందుకమ్మా? ఆ కాళ్ళు కట్టేసేది కుట్టిపెట్టు చాలు," అంది చెంగలి.

మదాం పట్టుదారంతో గౌను కుట్టింది. నాలుగు కాళ్ళనూ కలిపి మోకాళ్ళ దగ్గర బిగించేసింది. సింగారమ్మ తొడుక్కుని ఒక్కడుగు వేసి, బోర్లా పడింది.

"ఇదేం గౌనే? నడవడానికే రావడం లేదు!"

"రాణిగారూ, పరుగులు తీసేది పనివాళ్ళు. గొప్పింటివాళ్ళు ఇలా జానెడు జానెడే నడుస్తారు. ప్యారిస్‌లో ఎవర్నైనా అడగండి," అంది చెంగలి చెట్టుచాటు నుంచి.

అడగడానికి ప్యారిస్ పక్కవీధిలో లేదు కదా! రాణి నమ్మింది. ఆ రోజునుంచీ కప్పలూ మిడతలూ తిని కాలక్షేపం చేసింది. డొక్కలు అంటుకుపోతే, "అచ్చం ప్యారిస్ నడుమే!" అని మదాం మురిసిపోయింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె అన్నట్టుంది రాణిగారి వైభోగం.

చెంగలి హాయిగా నిద్రపోయింది. కూన గంతులు నేర్చుకుంది. కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! కానీ మంద ఊరుకుంటుందా?

"రాణిగారు తొడిగిన గౌను మనకూ కావాలి," అంది చెంగలి తోడికోడలు పొడమచ్చ.

"అక్కా, అది గౌను కాదే, సంకెళ్ళు! నేనే దగ్గరుండి కుట్టించాను."

"అబ్బో, కుట్టించినంత మాత్రాన నీ ఒక్కదానికే తెలుసనా? మేం బాగుపడితే చూడలేవు నువ్వు!"

వారం తిరిగేసరికి మందలో ఆడలేళ్ళన్నీ బిగుతు గౌన్లలో గునగునా నడుస్తున్నాయి. మేతకు వెళ్ళినా, నీళ్ళకు వెళ్ళినా చెంగలిని చూసి మూతి తిప్పుకోవడమే. "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని పొడమచ్చ వినపడేలా అనేది. చెంగలికి ఏడుపొచ్చింది. తాను ఆడిన అబద్ధానికి తానొక్కతే దూరమైపోయానని సిగ్గుపడింది. చివరికి వెళ్ళి తానూ ఒకటి తొడిగించుకుంది.

"కొత్త ఫ్యాషన్ ఎప్పుడూ ముందు రాణిగారికే. ఆవిడ మోజు తీరాకే మందకు. అది మా వృత్తిధర్మం," అంటూ మదాం ఆఖరి కుట్టు వేసింది.

చెంగలి విననేలేదు. వాగు నీళ్ళలో తన నీడ చూసుకుంటోంది. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది.

అదే వాగు దగ్గరికి మర్నాడు సింగారమ్మ వచ్చింది. జానెడు జానెడు రాలేదు. ఒక్క దూకులో వచ్చింది. కాళ్ళకు వదులైన ప్యాంటు!

"అమ్మా, పరిగెత్తు!" అని కూన అరుస్తూ పొదల్లోకి దూరిపోయింది. చెంగలి పరిగెత్తబోయి రెండు గెంతులు గెంతి కూలబడింది.

"అయ్యో," అంది సింగారమ్మ జాలిగా, "ఇంకా పోయిన సీజన్‌దే తొడుక్కున్నావా!"

తర్వాత ఏమైందో చెప్పడం మర్యాద కాదు.

మంద చెంగలి కోసం కంటనీరు పెట్టుకుంది. మదాం కూడా పరామర్శకు వచ్చి, కళ్ళొత్తుకుని, "ప్యారిస్‌లో ఈసారి నలుపు," అంది. ఏడుపు టక్కున ఆగింది. పొడమచ్చ గౌను విప్పకుండానే గెంతుతూ వెళ్ళి అందరికన్నా ముందు కొలతలిచ్చింది. పొదలో కూన ఒక్కతే ఇంకా ఏడుస్తోంది. దానికి సరిపోయే కొలత ఇంకా రాలేదు.

నీతి: ఎవరికో ఒకరికి తిండి కావడం ఎలాగూ తప్పదు, కనీసం ఈ సీజన్ బట్టల్లో కావాలి.