పెన్‌డ్రైవ్ పెడితే పలికే పంచాయతీ

యూఎస్‌బీ పెట్టగానే అడక్కుండా, చెప్పకుండా తనంతట తాను పని మొదలుపెట్టే కంప్యూటర్ తలనొప్పి అనుకుంటున్నారా? పొరపాటు! ప్రభుత్వ ఆఫీసులో అడక్కుండా పని చేసే వస్తువు ఒక్కటి దొరికితే కళ్లకద్దుకోవాలి గానీ, రిపేరు చేయించాలని చూస్తారా? నమ్మకం కుదరకపోతే శివలీల సంగతి వినండి.

కమలాపురానికి నాలుగు ఊళ్ల అవతల ఒక పల్లె. పేరెందుకులెండి. అక్కడి పంచాయతీ ఆఫీసులో శివలీల కంప్యూటర్ ఆపరేటర్. కాంట్రాక్టు ఉద్యోగం. ఆఫీసు వెనక ట్యాంకు మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకులు. బోరు మోటరు కాలిపోయి నాలుగు నెలలుగా ట్యాంకులో చుక్క నీరు లేదు, మైకులకు మాత్రం కరెంటుంది! వాటిని బిగించిన వంశీ కంప్యూటర్లో ఒక స్క్రిప్టు, అంటే తనంతట తాను నడిచే చిన్న ప్రోగ్రాము కూడా పెట్టిపోయాడు. పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, అందులోని కొత్త ఆడియోను వెతికి, కాపీ చేసుకుని, ఊరంతటికీ వినిపిస్తుంది. ఎంత సుఖం!

గుచ్చిందేమిటో చూడకపోవడం ఒక్కటే దాని లోపం. ఒకరోజు శివలీల కొత్త మౌస్ పెట్టింది. మౌస్‌లో పాటలెక్కడివి? స్క్రిప్టు నిరుత్సాహపడలేదు. పోయిన నెల ప్రకటననే మళ్లీ వినిపించింది: "కుక్కలకు సూదులేస్తారు, తోలుకొని రండి." అరగంటలో ఆఫీసు ముందర ఇరవై మూడు కుక్కలు! సెక్రెటరీ సోమశేఖర్ టేబులెక్కి నిలబడ్డాడు. డాక్టర్ రాలేదని చెబితే మనుషులు నమ్మారు గానీ, కుక్కలు నమ్మలేదు.

అయినా స్క్రిప్టు తీయించలేదు. తీయాలంటే పైనుంచి ఆర్డరు కావాలట.

ఒక సోమవారం పదకొండింటికి సెక్రెటరీ ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. వైరు తీసుకెళ్లి కంప్యూటర్‌కు గుచ్చాడు. ఇంట్లో ఏ కూరగాయ తెమ్మన్నదీ భార్య తర్వాత మాట మార్చకుండా, ఆయన తనకు వచ్చే ప్రతి ఫోన్ కాలూ రికార్డు చేసుకుంటాడు. మంచి అలవాటే!

ట్యాంకు మీద నాలుగు మైకులూ గొంతు సవరించుకున్నాయి.

"ఏమప్పా సోమశేఖర్, ఆ బోరు మోటరు ఏమైంది?" అది పై ఆఫీసు సార్ గొంతు.

"రిపేరైందని ఆన్‌లైన్‌లో పెట్టేసినా సార్."

"నీళ్లొస్తాండాయా?"

"ఫొటోలో వస్తాండాయి సార్. పక్కూరి కుళాయి కాడ తీసినా."

"శానా మంచిది. ఫిర్యాదు క్లోజ్ చేసెయ్."

"పీకు, పీకు!" అని సెక్రెటరీ అరిచాడు. శివలీల వైరు పీకింది. కాపీ ముందే అయిపోయింది కదా, మైకులు ఆగలేదు. వంశీకి ఫోన్ చేసింది.

"వంశీ, యాడుండావు? మైకు మొత్తం చెప్పేస్తాండాది! ఎట్ల ఆపేది?"

"ఏం కాదక్కా. ఒకసారి తీసి మళ్లా పెట్టు."

పీకిన వైరు మళ్లీ పెట్టింది. మొదటి నుంచి వినిపించింది. ఆరంభం వినలేకపోయినవాళ్లకు మేలే జరిగింది! మూడోసారి పెడితే ఏమవుతుందో శివలీలకు తెలుసు. ఆమె కూడా రోజూ రెండు కిలోమీటర్లు పోయి బిందె మోసుకొస్తున్న మనిషే. ఉద్యోగం గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "వంశీ చెప్పినాడు కదా సార్" అని వైరు తీసి మళ్లీ గుచ్చింది.

మూడోసారి ముగిసేలోగా ఊళ్లో పెద్దావిడ కృష్ణవేణమ్మ ఖాళీ బిందెతో గడపలో నిలబడి ఉంది. వెనక పాతికమంది ఆడవాళ్లు. ఆమె కేకలు వేయలేదు.

"ఏమప్పా సోమశేఖర్, ఆ ఫొటో ప్రింటు తీసియ్యప్పా. బిందెలో ఏసుకుంటాం."

సెక్రెటరీ మళ్లీ టేబులెక్కాడు.

గంటలో పై ఆఫీసు జీపొచ్చింది! దుమ్ము లేపుకుంటూ వస్తున్న జీపును చూసి ఆడవాళ్లు ఆశగా ఎదురెళ్లారు. దిగినవాళ్లిద్దరూ లాప్‌టాప్‌లు తీసుకుని నేరుగా కంప్యూటర్ దగ్గరికి నడిచారు. ఇరవై నిమిషాల్లో స్క్రిప్టు తీసేశారు. ఆర్డరు వాట్సాప్‌లో వచ్చేసింది.

"మోటరు గతేంది నాయనా?" అని కృష్ణవేణమ్మ అడిగింది.

"అది మాది కాదమ్మా. దానికి టైం పడతాది."

"మరి దీనికింత బిరీన ఎట్లొచ్చినారు సార్?" అని శివలీల అడిగింది.

"ఊరికేనా? మా సార్ గొంతు బయట పడింది గదమ్మా!"

జీపు పోయింది. శివలీల కాసేపు ఆలోచించి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆన్‌లైన్‌లో కొత్త ఫిర్యాదు టైపు చేసింది: "బోరు గొట్టంలోంచి కూడా సార్ గారి గొంతు వినిపిస్తున్నది. ఏమి మాట్లాడుతున్నారో ఇంకా స్పష్టంగా తెలియడం లేదు. జనం గుంపులుగా వచ్చి వింటున్నారు."

మరుసటి రోజు టిఫిన్ వేళకే కొత్త మోటరుతో బండి వచ్చింది. వెనకాలే వచ్చిన కారులోంచి పై ఆఫీసు సార్ దిగారు. ఎవ్వరినీ దగ్గరికి రానివ్వలేదు. నీళ్లు బుడబుడమని పొంగి చొక్కా తడిసేదాకా, ఆయన ఆ గొట్టానికి చెవి ఆనించే ఉన్నారు.