పసుపెక్కిన అరచేతులు

హిందూపురం బస్టాండు పక్కన వేరుశనగ ఉండల అంగడి నడిపే నరసింహయ్యకు ఆ ఆగస్టు పొద్దున ఒకటే పని. కొత్తచెరువు బడి పిల్లలకు పంద్రాగస్టునాడు పంచే ఉండలు పొట్లాలు కట్టించి, మధ్యాహ్నం హెడ్మాస్టరు తిమ్మరాజు వచ్చేసరికి సిద్ధంగా ఉంచాలి. ఉండలు చుట్టడమైతే తెల్లారేసరికే అయిపోయింది. చేతులు కడుక్కుందామని వాకిట్లోకి వచ్చాడు. ఎండలో అరచేతులు కనిపించాయి. పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. రుద్దాడు. పోలేదు.

డిగ్రీ చదివే కూతురు నవీన ఎండాకాలంలో అన్న మాట గుర్తొచ్చింది.

"నాయనా, బూజు పట్టిన శెనక్కాయల్లో ఒక విషముంటాదంట. మన కణాల్లో జన్యువుల్ని చెడగొడతాదంట. పోనుపోనూ లివరుకు క్యాన్సరొస్తాదంట."

"మరి దానికి మందేమీ లేదా?"

"కూరగాయలు, పండ్లు బాగా తింటే కణాలకు బలమంట."

ఆనాటి నుంచి నరసింహయ్య తన సరుకు తాను ముట్టలేదు. చిన్నప్పటి నుంచి గుప్పిళ్ల కొద్దీ మెక్కిన వేరుశనగలకు విరుగుడుగా పచ్చి క్యారెట్లు నమలడం మొదలుపెట్టాడు. లెక్కాపత్రం లేకుండా నమిలాడు. ఎదురుగా ఉండలే అమ్మే మారెప్ప ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు.

ఇప్పుడీ పసుపు. లివరు పోయినట్టే! హిందూపురంలో డాక్టరు దగ్గరికెళ్తే బజారంతా చూస్తుంది. "ధర్మవరంలో బెల్లం బేరముండాది" అని భార్య ఓబులమ్మతో చెప్పి, చేతులకు తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాడు.

పెనుకొండలో బస్సు మారుతుంటే సాక్షాత్తూ తిమ్మరాజే ఎదురుపడ్డాడు.

"ఏమప్పా నరసింహయ్యా, యాడికి పోతాండావు? మా ఉండలో?"

"అంగట్లో ఉండాయి సార్. మా ఆడామె ఇస్తాది."

అలవాటుకొద్దీ దండం పెట్టబోయాడు. తువ్వాలు జారింది. హెడ్మాస్టరు చూపు అరచేతుల మీద నిలిచిపోయింది.

"ఇదేంది, కామెర్లా?"

"కామెర్లయితే ఇంత భయమెందుకు సార్" అని నోరు జారి, కదిలే బస్సు పట్టుకున్నాడు.

ధర్మవరంలో డాక్టరమ్మ కంటిరెప్పలు లాగి చూసింది. కడుపు నొక్కింది. రక్తపరీక్ష చేయించింది. కాగితం వచ్చేదాకా బల్ల మీద కూర్చున్న నరసింహయ్య, నవీన పెళ్లి చూడకుండానే పోతానేమోనని గుడ్లనీళ్లు కుక్కుకున్నాడు.

"లివరు బాగుంది. కళ్లూ తెల్లగానే ఉన్నాయి. ఏం తింటున్నారు మీరు?"

"బూజు శెనక్కాయలకు క్యాన్సరొస్తాదని మా పాప చెప్పినాక వాటిని ముట్టడంల్యా తల్లీ. క్యారెట్లే."

"ఎన్ని?"

"దిండు కింద గూడా పెట్టుకుంటా."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "ఇది క్యాన్సర్ కాదయ్యా, క్యారెట్! ఆ రంగే చర్మానికి పట్టింది. తగ్గిస్తే అదే పోతుంది." వెంటనే ముఖం మార్చింది. "మీ అమ్మాయి చెప్పింది మాత్రం నిజం. బూజు పట్టినవి ఏరి పారేయండి. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. మంచి గింజలు భయం లేకుండా తినండి."

నరసింహయ్య గాల్లో తేలుతూ హిందూపురంలో దిగాడు. అంగడి ముందు జనం. ఓబులమ్మ శోకాలు. ఎదురుగా మారెప్ప తన అంగట్లో నిలబడ్డ తిమ్మరాజుకు ఉండలు పొట్లం కడుతున్నాడు. తిమ్మరాజు చెప్పిన పసుపు చేతుల సంగతి విని, నరసింహయ్యకు తన సరుకు వల్లే ఏదో పెద్ద రోగమొచ్చిందని, అందుకే దాన్ని తానే తినడని మారెప్ప అన్న మాట అప్పటికే బజారంతా తిరిగొచ్చింది.

"ఏడవాకే! నేను బాగుండా! క్యాన్సర్ కాదు, క్యారెట్!"

"అయ్యో, అది ఇంగా చెడ్డదేమో" అంది పక్కింటి గంగక్క.

నరసింహయ్యకు ఒళ్లు మండింది. "నా సరుకులో ఏముండాదో మీరే చూడండి!" అని మూటలు వీధిలోకి ఈడ్చాడు. మొదటిది బంగారంలా ఉంది. రెండోదీ అంతే. గోడవార చెమ్మకు ఆనిన మూడోదాని మూతి విప్పాడు. గింజల మీద ఆకుపచ్చ బూజు.

"సూస్తిరా?" అన్నాడు మారెప్ప.

మూతి బిగించేద్దామని నరసింహయ్య చేయి దానంతటదే లేచింది. ఎదురుగా నవీన తననే చూస్తోంది. చేయి ఆగింది. మూట మొత్తం నేల మీద కుమ్మరించాడు. పొద్దున చేసిన ఉండలు ఏ మూట గింజలవో గుర్తురాక, వాటినీ ఆ కుప్ప మీదే పోశాడు. తండ్రీకూతుళ్లు చాటలు పట్టుకుని మిగతా మూటలు ఏరడానికి కూర్చున్నారు. కళ్లు తుడుచుకుని ఓబులమ్మా వచ్చింది.

తిమ్మరాజు అది చూసి మారెప్ప వైపు తిరిగాడు. "మారెప్పా, నీ మూటలు గూడా విప్పప్పా, చూద్దాం."

"ఇప్పుడు టైం లేదు సార్."

తిమ్మరాజు తన చేతిలోని పొట్లాలు మారెప్ప బల్ల మీద పెట్టేసి, వీధి దాటి వచ్చాడు. "రేపటికి కట్టిస్తావా నరసింహయ్యా?"

ఆ సాయంత్రం పారేసిన కుప్ప చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఏరిన గింజలు కొనుక్కునే వెళ్లారు. మర్నాడు పొద్దున నరసింహయ్య ఆ కుప్పను పూడ్చబోతుంటే మారెప్ప దగ్గరి నుంచి కబురొచ్చింది: సగం తనకిమ్మని, తన అంగడి ముందు పోసుకుంటానని.